పాడటం వచ్చు... మరి వినడం వచ్చా?

మన సినిమాల్లో ఓ సీనుంది. మీరంతా చూసే వుంటారు. కారు ప్రమాదంలో హీరో తలకి దెబ్బ తగులుతుంది. మతి పోతుంది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మా ప్రయత్నం మేం చేశాం, ఇక అంతా ఆ భగవంతుడి దయ" అంటారు. అప్పుడు తెల్లచీరలో హీరోయిన్ వచ్చి, మొదటి రీల్లో ఏటిగట్టున పాడిన పాటే మళ్ళీ ఎత్తుకుంటుంది. పల్లవికి హీరో వేళ్ళు కదులుతాయి. మొదటి చరణానికి కళ్ళు తెరుస్తాడు. రెండో చరణానికి డ్యూయెట్! బాల్కనీలో చప్పట్లు, నేలక్లాసులో ఈలలు!

ఆ నేలక్లాసులో ఈల వేసినవాళ్ళలో నేనూ వున్నాను, కాదనను. అయితే ఈ వారం వుత్తరాల కట్టలో ఒకటి చదివాక మళ్ళీ ఆ సీనే గుర్తొచ్చింది గాని ఈల మాత్రం రాలేదు. రాజమండ్రి నుంచి ఓ అమ్మాయి రాసింది. పేరు వేయవద్దంది కనుక వేయడం లేదు. వుత్తరం చదవండి:

"బాబాయిగారూ, నాకు ఇరవై రెండేళ్ళు. కర్ణాటక సంగీతంలో డిప్లొమా, సైకాలజీతో బి.ఏ. చేశాను. టీవీ పాటల పోటీలకి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ మొదటి రౌండులోనే తిరిగొచ్చాను. పోయినేడు మా తాతయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచినీళ్ళు కావాలన్నా అడగలేరు. కాని నేను పక్కన కూర్చుని ఆయనకి బాగా వచ్చిన కీర్తన ఎత్తుకుంటే, నాతోపాటు మాటలతో సహా పాడతారు! అది చూశాక నేను మ్యూజిక్ థెరపిస్టుని కావాలనిపించింది. లండన్ లో దానికి పీజీ కోర్సు వుందట. నాన్న అరెకరం అమ్మి పంపిస్తానంటున్నాడు. పెద్దమామయ్య మాత్రం 'పాటలు పాడటానికి పీజీ ఏమిటే? పైగా లండనొకటా?' అని ఎగతాళి చేస్తున్నాడు. ఇది నిజంగా చదువేనా? నన్ను వెళ్ళమంటారా?"

అరెకరం! ఈ మాట దగ్గరే ఆగిపోయాను. నాలుగు జోకులు వేసి దాటవేసే వుత్తరం కాదిది. కనుక అమ్మాయీ, ఈ వారం ఈ పేజీ మొత్తం నీదే. మిగతా పాఠకులు అలిగితే వచ్చేవారం బతిమాలుకుంటాను.

ఏడుపుకీ ఒక శ్రుతి వుంది

ముందు నీకో కథ చెబుతాను. జరిగిన కథే.

పాల్ నార్డాఫ్ అని అమెరికాలో ఒక స్వరకర్త, పియానిస్టు వుండేవాడు. బార్డ్ కాలేజీలో సంగీతం ప్రొఫెసరు. మంచి ఉద్యోగం, మంచి పేరు. 1959లో ఇంగ్లండులోని సన్‌ఫీల్డ్ అనే పిల్లల ఆశ్రమంలో క్లైవ్ రాబిన్స్ అనే టీచరుతో కలిసి, ఎదుగుదల కుంటుపడిన పిల్లల కోసం పియానో వాయించడం మొదలుపెట్టాడు. మాట రాని పిల్లలు, ఎవరివైపూ చూడని పిల్లలు... వాళ్ళు పియానోకి బదులిస్తున్నారు! ఒకడు డ్రమ్ము కొడుతున్నాడు, ఒకడు కూనిరాగం తీస్తున్నాడు. నార్డాఫ్ ప్రొఫెసరు వుద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత ఇద్దరూ జన్మంతా ఈ పనే చేశారు.

వాళ్ళ దగ్గరికి వచ్చిన పిల్లల్లో అయిదేళ్ళు దాటిన ఓ బాబు వున్నాడు. గదిలోకి తీసుకురావడమే ఆలస్యం, ఒకటే కేకలు, ఏడుపు. మనమైతే ఏం చేస్తాం? చాక్లెట్ ఇస్తాం, జోలపాట పాడతాం. నార్డాఫ్ ఆ రెండూ చేయలేదు. ఆ ఏడుపు ఏ శ్రుతిలో వుందో విన్నాడు. ఎంత వేగంగా వుందో విన్నాడు. ఆ శ్రుతిలోనే, ఆ వేగంతోనే పియానో వాయించాడు. ఏడుపుని ఆపమనలేదు, ఏడుపుతో కలిసి నడిచాడు. కాసేపటికి ఆ బాబు ఏడుపు పియానో స్వరాల్లోకి వచ్చి చేరింది. ఏడుపు పాటలా వినబడసాగింది. 1977లో నార్డాఫ్, రాబిన్స్ రాసిన 'క్రియేటివ్ మ్యూజిక్ థెరపీ' అనే పుస్తకంలో ఈ సంగతి వివరంగా వుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వద్దాం. ఆ గదిలో గొప్ప పాట ఎవరు పాడారు? ఎవరూ పాడలేదు. గొప్పగా విన్నవాడు ఒకడున్నాడు. నువ్వు నేర్చుకోబోయే చదువు అంతా ఇందులోనే వుంది.

మద్రాసులో రికార్డింగు థియేటర్ల వరండాల్లో నేను చాలా టీ తాగాను. ఆ రోజుల్లో ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి వాయించాలి, గాయని ఒకేసారి పాడాలి. ఓ వయొలిన్ జారిందా, టేక్ టూ! అక్కడ అందరూ శ్రుతికి, తాళానికి బందీలు. నువ్వు నేర్చుకున్న సంగీతమూ అదే నేర్పింది, తంబురా చెప్పినట్టు వినమని. మ్యూజిక్ థెరపీ గదిలో ఇది తలకిందులవుతుంది. పేషెంటు నీ శ్రుతికి రాడు, నువ్వే అతని శ్రుతికి వెళ్ళాలి. తాళం తప్పితే అతనిది తప్పు కాదు, ఆ తప్పిన తాళాన్నే నువ్వు పట్టుకోవాలి. పదిహేనేళ్ళు శ్రుతిశుద్ధంగా పాడిన నీకు ఇదెంత కష్టమో ఆలోచించుకో!

మామయ్యకి జవాబు

"పాటలకి పీజీ ఏమిటి?" అన్నాడు కదూ మీ మామయ్య? ఆయనకి ఈ భాగం చదివి వినిపించు.

రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులతో అమెరికా ఆస్పత్రులు నిండిపోయాయి. వాళ్ళ దగ్గరికి సంగీతకారులు వెళ్ళి వాయించేవారు. కొంతమందిలో మార్పు కనిపించింది. కాని వాయించేవాళ్ళకి రోగం గురించి తెలియదు, రోగం తెలిసినవాళ్ళకి వాయించడం రాదు. ఈ రెండూ కలిసిన మనిషి కావాలనే 1944లో మిచిగన్ స్టేట్ లో డిగ్రీ చదువు మొదలైంది. 1946లో కాన్సాస్ యూనివర్సిటీలో థేయర్ గాస్టన్ తరగతులు నడిపాడు. ఇంగ్లండులో జూలియెట్ ఆల్విన్ అనే సెల్లో విద్వాంసురాలు 1958లో ఒక సంఘం పెట్టి, 1968లో లండన్ గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో శిక్షణ ప్రారంభించింది. నార్డాఫ్, రాబిన్స్ ల పద్ధతిలో లండన్ శిక్షణ 1974లో మొదలైంది. అంటే అమెరికాలో ఎనభై ఏళ్ళు, లండన్ లో యాభై ఏళ్ళు దాటిన చదువన్నమాట!

బ్రిటన్ లో ఈ రోజు మ్యూజిక్ థెరపిస్టు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ వుండాలి. సాధారణంగా రెండేళ్ళు, కొన్నిచోట్ల తీరికగా మూడేళ్ళు. పాసయ్యాక హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ నమోదు లేకుండా "నేను మ్యూజిక్ థెరపిస్టుని" అని బోర్డు కడితే అక్కడ చట్టరీత్యా నేరం! అమెరికాలో దారి వేరు. అక్కడ డిగ్రీతోనే మొదలు. ఇంటర్న్‌షిప్పుతో కలిపి కనీసం 1200 గంటలు పేషెంట్ల దగ్గర శిక్షణ, ఆ పైన బోర్డు పరీక్ష. వేరే సంగీత డిగ్రీ వున్నవాళ్ళు మిగతా పాఠాలు, శిక్షణ పూర్తి చేసి ఆ పరీక్షకి కూర్చోవచ్చు. చాలామంది దాన్ని మాస్టర్స్ తో కలిపి చేస్తారు.

అన్నట్టు, సినిమా పత్రికలో ఇదంతా ఏమిటని గొణుక్కునేవాళ్ళకి ఒక ముచ్చట. 1990 జూన్ 30న ఇంగ్లండులో నెబ్‌వర్త్ మైదానంలో ఒక కచేరీ జరిగింది. పాల్ మెక్‌కార్ట్‌నీ, పింక్ ఫ్లాయిడ్, ఎల్టన్ జాన్, ఎరిక్ క్లాప్టన్... అందరూ ఒకే వేదిక మీద! ఎవరి కోసమనుకున్నారు? వచ్చిన డబ్బులో నార్డాఫ్ రాబిన్స్ సంస్థకీ వాటా వుంది. అంతమంది రాక్ స్టార్లు ఒక ఏడ్చే బాబు కోసం పాడారన్నమాట.

క్లాసులో ఏం చెబుతారు?

చేరడానికే ఒక ఆడిషన్ వుంటుంది. భయపడకు, టీవీ పోటీ లాంటిది కాదు! నీ గొంతో, నీ వాద్యమో వింటారు. అక్కడికక్కడ కల్పించి పాడమంటారు. ఇందులో నువ్వు ధనవంతురాలివి. కల్పనస్వరాలు వేసే పిల్లకి 'ఇంప్రొవైజ్ చేయండి' అంటే బెంగేమిటి? అయితే గొంతుతో పాటు పియానో గాని గిటారు గాని వచ్చి వుండాలి. మన సంగీతంలో లేని కార్డ్సు పట్టుకోవడం నేర్చుకోవాలి. ఇప్పట్నించే మొదలెట్టు. ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఈ పనికి ఎందుకొచ్చావని అడుగుతారు. ఈ ప్రశ్నకి మళ్ళీ వస్తాను.

చేరాక సైకాలజీ, పిల్లల ఎదుగుదల, మెదడు పనిచేసే తీరు, పరిశోధన చేసే పద్ధతి... ఇవన్నీ పుస్తకాల చదువు. దాంతోపాటు వారంలో కొన్ని రోజులు పనిచోటుకి పంపిస్తారు. ప్రత్యేక అవసరాల పిల్లల బడి కావచ్చు, మానసిక వైద్యశాల కావచ్చు, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళ ఆశ్రమం కావచ్చు, చివరి రోజుల్లో వున్నవాళ్ళ ఆస్పత్రి కావచ్చు. అక్కడ చేసిన ప్రతి పనినీ అనుభవమున్న థెరపిస్టు ముందు పెట్టాలి. నార్డాఫ్ రాబిన్స్ పద్ధతిలో అయితే ప్రతి సెషన్నీ రికార్డు చేసి, రాత్రి కూర్చుని, ఏ నిమిషంలో ఏం జరిగిందో రాసుకుంటూ వింటారు. పిల్లవాడు ఎక్కడ డ్రమ్ము ఆపాడు? నువ్వు ఎక్కడ తొందరపడ్డావు? అతను ఇచ్చిన ఏ స్వరాన్ని నువ్వు వినిపించుకోలేదు? మన పాట మనం వినడం ఎవరికైనా ఇష్టమే. మన తప్పు మనం వినడమే కష్టం!

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకొకటి ఒక ఎత్తు. బ్రిటన్ కోర్సుల్లో విద్యార్థులే పేషెంట్లలా ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి. చదువుకునే రోజుల్లోనే, క్రమం తప్పకుండా. "నాకేం రోగం?" అని అడగకు. అసలు సంగతి అక్కడే వుంది.

మూడుసార్లు మొదటి రౌండులో తిరిగొచ్చానని రాశావు. ఆ బాధ ఇంకా నీలో వుందా? వుంటే తప్పు లేదు, ఎవరికైనా వుంటుంది. కాని ఆ బాధని మోసుకుంటూ పేషెంటు ముందు కూర్చున్నావనుకో, ఆ ముసలాయన నీకు జడ్జి అయిపోతాడు. ఆయన నవ్వితే పాసయ్యాననుకుంటావు, మొహం తిప్పుకుంటే మళ్ళీ ఎలిమినేషన్! ఆయన నీ కోసం నవ్వాలని పాడతావు గాని, ఆయన కోసం పాడవు. అందుకే ముందు నీ గాయం ఏదో నీకు తెలియాలంటారు. పాటగత్తె కాలేకపోయిన వాళ్ళకి ఇచ్చే కన్సొలేషన్ ప్రైజు కాదమ్మా ఇది. అలా అనుకుని వెళితే ఇక్కడా మొదటి రౌండులోనే తిరిగొస్తావు.

రాగం మాత్ర కాదు

ఇంకో చిక్కుంది. మనదేశంలో మ్యూజిక్ థెరపీ అనగానే ఒక పట్టిక పట్టుకొస్తారు. ఈ రాగానికి రక్తపోటు, ఆ రాగానికి తలనొప్పి, ఇంకో రాగానికి మధుమేహం! ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనానికి ముందు! రాగానికి మనసుని కదిలించే శక్తి లేదని నేననను. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, 'భక్త ప్రహ్లాద'లో నారదుడిగా మనల్ని మురిపించిన మహానుభావుడు, సంగీత చికిత్స మీద పరిశోధన జరగాలని ఒక ట్రస్టే పెట్టారు. వయొలిన్ కున్నక్కుడి వైద్యనాథన్ గారు మద్రాసులో రాగాల మీద పరిశోధనకి కేంద్రం పెట్టారు. ఆ పెద్దల కుతూహలానికి దణ్ణం పెడతాను. కాని ఒకే రాగం మీ తాతయ్యకి పెళ్ళినాటి ఊరేగింపుని, పక్కింటి తాతయ్యకి కొడుకు పోయిన రోజుని గుర్తు చేయవచ్చు. మనిషిని చూడకుండా రాగం రాసిచ్చేవాడు థెరపిస్టు కాడు.

ఈ చదువులో నిజం ఒప్పుకోవడం కూడా నేర్పుతారు. 2017లో తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితం వెలువడింది. మామూలు సంరక్షణ పొందిన పిల్లలకీ, దానికి సంగీతం కలిపి ఇచ్చిన పిల్లలకీ మధ్య లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వీళ్ళు దాన్ని దాచలేదు, ప్రచురించారు. 2022లో 26 పరిశోధనలు కలిపి చూస్తే, మొత్తంమీద మెరుగుపడే అవకాశం, జీవితం బాగుండే అవకాశం వున్నాయని తేలింది. ఒకసారి అలా, ఒకసారి ఇలా. సైన్సు నడకే అంత. రెండో చరణానికి డ్యూయెట్ వుండదు!

ఇంతకీ తాతయ్య సంగతి

మీ తాతయ్య విషయంలో నువ్వు చూసింది భ్రమ కాదు. మాటలు కూర్చే పని చాలామందిలో మెదడు ఎడమవైపు జరుగుతుంది. అక్కడ దెబ్బ తగిలితే మాట పోతుంది. పాటకి మాత్రం రెండువైపులా పని వుంటుంది. అందుకని బాగా వచ్చిన పాట మాటలతో సహా బయటికి రావచ్చు. కాని కీర్తన పాడినంత మాత్రాన "మంచినీళ్ళు" అన్న మాట దానంతటది రాదు. కీర్తన కంఠస్థం. మంచినీళ్ళు అవసరం. ఆ మధ్య దూరాన్ని దాటించడానికే 1973లో బోస్టన్ లో ఒక పద్ధతి బయటికొచ్చింది. చిన్న చిన్న మాటల్ని రెండే స్వరాల్లో రాగం తీస్తూ, ఎడమచేతితో తాళం వేయిస్తూ పలికిస్తారు. క్రమంగా రాగం తగ్గిస్తారు, మాట మిగలాలని. అందరికీ పనిచేయదు, పనిచేసినా నెలలు పడుతుంది. 2011లో తుపాకి గుండు తలకి తగిలి మాట పోయిన అమెరికా పార్లమెంటు సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ కి మిగతా చికిత్సలతో పాటు పాట కూడా సాయపడింది. కనుక ముందు తాతయ్యని స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళు. ఆయన పాడే సంగతి తప్పకుండా చెప్పు. నువ్వు చదివి వచ్చేదాకా ఆయన ఆగకూడదు.

వీలైతే 2011లో వచ్చిన 'ది మ్యూజిక్ నెవర్ స్టాప్డ్' అనే ఇంగ్లీషు సినిమా చూడు. డాక్టర్ ఆలివర్ సాక్స్ రాసిన ఒక వ్యాసం ఆధారంగా తీశారు. మెదడులో గడ్డ వచ్చి జ్ఞాపకం దెబ్బతిన్న కొడుకు, అతని పాటలంటే పడని తండ్రి, మధ్యలో ఒక మ్యూజిక్ థెరపిస్టు. కొడుకు రోగం మాయం కాదు. కాని తండ్రి కొడుకు పాటలు నేర్చుకుంటాడు! తాను విననిది వినడానికి ఆ తండ్రి కూర్చుంటాడు చూడు, అది నీకు కావాలి.

అరెకరం గురించి

చదువు నిజమైనదే. సందేహం వద్దు. వెళ్ళమంటారా అంటే మాత్రం, ఈ ఏడు వద్దంటాను. పొలం అమ్మే ముందు మూడు పనులు చెయ్యి.

ఒకటి: రెండేళ్ళ ఫీజు ఒక్కటే కాదు, లండన్ లో అద్దె, తిండి, రైలు ఖర్చు, నీ సొంత థెరపీకి అయ్యే ఖర్చు కూడా కాలేజీకి రాసి అడిగి కాగితం మీద వేసి నాన్నకి చూపించు. అరెకరం సరిపోతుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

రెండు: చదివి ఎక్కడ పనిచేస్తావు? బ్రిటన్ లోలాగా ఈ పేరుకి మనదేశంలో ప్రత్యేకమైన చట్టరక్షణ లేదు. వారం రోజుల శిక్షణ పొందినవాడూ నీ పక్కనే బోర్డు కట్టవచ్చు. ఆస్పత్రులకి, బడులకి తిరిగి నీ పనేమిటో నువ్వే చెప్పుకోవాలి. ఓపిక వుందా? పుదుచ్చేరిలో శ్రీ బాలాజీ విద్యాపీఠ్ వైద్యకళాశాలలో 2010 నుంచి మ్యూజిక్ థెరపీ కేంద్రం వుంది. పీజీ స్థాయి కోర్సులు అక్కడ నడిచాయి. ముందు అక్కడికి వెళ్ళి చూడు, ఈ ఏడు ఏ కోర్సులో చేర్చుకుంటున్నారో అడుగు. రాజమండ్రి నుంచి రైలు టిక్కెట్టుకి పొలం అమ్మనక్కరలేదు.

మూడు: మీ వూళ్ళో ప్రత్యేక అవసరాల పిల్లల బడి వుంటే అక్కడ ఆరు నెలలు వాలంటీరుగా పనిచెయ్యి. పాటలు పాడటానికి కాదు. వాళ్ళకి అన్నం పెట్టడానికి, బెంచీ సర్దడానికి. ఇంటర్వ్యూలో "ఎందుకొచ్చావు" అని అడిగితే చెప్పడానికి నీకు ఒక జవాబు అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే అరెకరం మిగులుతుంది.

ఈలోగా ఇంట్లో ఒక పని. రేపు సాయంత్రం తాతయ్య దగ్గర కూర్చో. నువ్వు కీర్తన ఎత్తుకోకు. ఊరికే కూర్చో. ఆయన మూలుగుతారో, మంచం కోడు మీద వేలితో కొడతారో, నిట్టూరుస్తారో విను. ఆ వేలి తాళానికి నువ్వూ వేలితో బదులివ్వు. పది నిమిషాలు. పాడాలని గొంతు దురద పెడుతుంది, ఆపుకో. ఆ పది నిమిషాలు నీకు విసుగు పుట్టిందో, కాలం తెలియలేదో నాకు వుత్తరం రాయి. మామయ్యకి చెప్పు, ఇది ఎంట్రన్సు పరీక్ష అని!

మిగతా పాఠకులారా, క్షమించాలి. వచ్చేవారం మామూలే... మీ ప్రశ్నలు, నా తిప్పలు!